వ్యాసం కింద ఆ ఒక్క లైను

పేపర్లో సంపాదకీయం ఉండే ఎడిట్ పేజీలో వ్యాసం అయిపోయాక అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది చూడండి, 'వ్యాసకర్త విశ్రాంత ఆచార్యులు' అనో, 'వ్యాసకర్త సీనియర్ జర్నలిస్టు' అనో, 'మాజీ ఐఏఎస్ అధికారి' అనో. చాలామంది దాన్ని పట్టించుకోరు. నేను మాత్రం ముందు అదే చదువుతాను. కొన్నేళ్లు ఒక దినపత్రికలో ఎడిట్ పేజీ డెస్క్‌లో పనిచేశాను, అక్కడ పడ్డ అలవాటు ఇది: కవరు చించగానే ఎవరు రాశారో చూడటం, ఆ తర్వాతే విషయంలోకి వెళ్లడం. ఇప్పుడు డెస్క్ లేదు, కవర్లూ లేవు, అలవాటు మాత్రం పోలేదు. ఈ మధ్య ఆ లైను గురించి మళ్లీ గట్టిగా ఆలోచించేలా చేసింది వేల్స్, బ్రిటన్‌లో ఇంగ్లండ్ పక్కనే ఉన్న చిన్న దేశం.

వేల్స్ ఎందుకంటే, మా పిన్ని కొడుకు అక్కడ న్యూపోర్ట్‌లో నర్సుగా చేస్తున్నాడు. వెళ్లిన కొత్తలో ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే గొడవ. "అక్కా, ఇక్కడ అందరూ చదివేది లండన్ పేపర్లే, వాటిలో ఆస్పత్రుల గురించి ఏం రాసినా అది ఇంగ్లండ్ సంగతే, మా ఆస్పత్రికి వర్తించదు" అనేవాడు. నిజమే. వేల్స్‌లో వైద్యం, చదువు, వ్యవసాయం కార్డిఫ్‌లోని సెనెడ్ చేతిలో ఉంటాయి, అంటే వాళ్ల శాసనసభ. 1997లో రెఫరెండం పెడితే 6,721 ఓట్ల తేడాతో, 50.3 శాతంతో బొటాబొటిగా గట్టెక్కి, 1999లో మొదలైన సభ అది. 2020లో కోవిడ్ ఆంక్షలు వేల్స్‌లో ఒకలా, ఇంగ్లండ్‌లో ఇంకోలా ఉంటే, లండన్ పేపర్లు చూసి ఏది తమకు వర్తిస్తుందో తెలియక అక్కడి జనం తికమకపడ్డారు. 31 లక్షల జనాభా, మన హైదరాబాద్‌లో సగం కూడా ఉండరు, అయినా వాళ్లకంటూ ఒక ప్రభుత్వం, ఒక భాష, ఒక చరిత్ర ఉన్నాయి. వాటి గురించి మాట్లాడుకోవడానికి సొంత చోటు మాత్రం చాలా తక్కువ.

అలా వాడు వెతుక్కుని చదువుతున్న చిన్న చిన్న పత్రికల వ్యాసాలు నాకూ పంపడం మొదలుపెట్టాడు. నేను అలవాటు కొద్దీ అడుగు లైను చూస్తాను కదా. ఒకాయన గొర్రెలు మేపే రైతు. ఒకావిడ బడి నుంచి రిటైరైన టీచరు. ఇంకొకరు చాపెల్‌లో పాస్టరు, ఇంకొకరు పల్లెలో డాక్టరు, ఒకరు కవి, ఒకరు కౌన్సిలరు, ఒకరు ఇంకా పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. అందరూ రాస్తున్నది రాజకీయాల గురించే, బడ్జెట్ గురించే, బస్సుల గురించే, కానీ ఎవరి మాట వాళ్లదే. రైతు రాసింది చదివితే మధ్యలో వాన పడుతున్నట్టే ఉంటుంది, లెక్చరర్ రాసింది చదివితే నోట్స్ తీసుకోవాలనిపిస్తుంది. ఒకే విషయం మీద ఈ ఇద్దరూ రాస్తే అప్పుడు నాకు ఆ విషయం అర్థమవుతుంది.

2024 మార్చిలో ఒక సంగతి జరిగింది. వేల్స్ ప్రభుత్వం రైతులకు సబ్సిడీ కావాలంటే పొలంలో 10 శాతం మేర చెట్లు ఉండాలని ప్రతిపాదించింది. పర్యావరణం కోణంలో చూస్తే మంచి మాటే అనిపిస్తుంది. రైతులు సెనెడ్ మెట్ల మీద 5,500 జతల వెల్లింగ్టన్ బూట్లు పేర్చారు, ఆ పథకం వల్ల అన్ని ఉద్యోగాలు పోతాయని ప్రభుత్వం చేయించిన అంచనాలోనే ఉందట. పొలం బురదలో తొక్కే రబ్బరు బూట్లు అవి, మెట్ల నిండా. తర్వాత ఆ 10 శాతం షరతును ప్రభుత్వం వదులుకుంది. ఈ విషయం మీద పర్యావరణవేత్త రాసింది చదివాను, అతని లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. కానీ కొండవాలు మీద గాలి ఎటు కొడుతుందో, అక్కడ ఏ చెట్టు నిలబడుతుందో, కౌలు పొలంలో చెట్టు నాటాలంటే ఎవరిని అడగాలో రైతు రాస్తే తప్ప నాకు తెలిసేది కాదు. ఇద్దరిలో ఎవరు గెలిచారని కాదు. ఇద్దరూ ఒకే పేజీలో ఉండాలి అంటున్నాను.

ఇది అక్కడ ఈనాటి అలవాటు కాదు. వెల్ష్ భాషలో మొదటి వారపత్రిక 'సెరెన్ గోమర్' 1814లో స్వాన్‌సీలో వచ్చింది, దాన్ని పెట్టింది ఒక బాప్టిస్టు పాస్టరు. పత్రికల్ని నడిపింది ఎక్కువగా ఇలాంటి వాళ్లే, పాస్టర్లు, ప్రింటర్లు, బడిపంతుళ్లు. వీళ్లందరిలో నాకు బాగా నచ్చిన మనిషి క్రానోగ్వెన్. అసలు పేరు సారా జేన్ రీస్, 1839లో లాన్‌గ్రానోగ్ అనే సముద్రం ఒడ్డు ఊళ్లో పుట్టింది. నాన్న ఓడ కెప్టెన్. కుట్టుపని నేర్చుకోమంటే నచ్చక నాన్నతో పాటు ఓడెక్కింది, తర్వాత నౌకాయానం చదివి, ఊరికి తిరిగొచ్చి, సముద్రం మీదికి వెళ్లే కుర్రాళ్లకు నక్షత్రాలూ దిక్కులూ లెక్కలూ నేర్పింది. 1865లో జాతీయ ఐస్టెద్‌వాద్ అనే వెల్ష్ సాంస్కృతిక ఉత్సవంలో కవితల పోటీకి పేరున్న మగ కవుల్ని వెనక్కి నెట్టి బహుమతి కొట్టింది. 1879లో 'ఎ ఫ్రిథోనెస్' అనే ఆడవాళ్ల పత్రిక మొదలైతే దానికి ఎడిటరయింది, ఆడవాళ్లను రాయమని ప్రోత్సహించింది. ఓడ నడిపిన మనిషి పత్రిక నడిపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2023లో ఆమె విగ్రహం ఆ ఊళ్లో పెట్టారు. ఆమె వ్యాసం అడుగున ఏమని రాయాలి? నావికురాలు, టీచరు, కవి, ఎడిటరు. ఆ లైనే ఒక పేరా అవుతుంది.

ఆ పత్రికల వెనక ఒక అవమానం కూడా ఉంది, అది చెప్పకపోతే ఈ మాటంతా అర్థం కాదు. 1846లో లండన్ ప్రభుత్వం వేల్స్‌లో చదువుల పరిస్థితి ఎలా ఉందో చూసి రమ్మని ముగ్గురిని పంపింది. ముగ్గురూ ఇంగ్లిష్ వాళ్లు, లా చదివినవాళ్లు, ఒక్కరికీ వెల్ష్ ముక్క రాదు. ఇంట్లో వెల్ష్ తప్ప ఇంకో మాట వినని పిల్లల్ని ఇంగ్లిష్‌లో ప్రశ్నలడిగారు, పిల్లలు నోరు తెరవకపోతే చదువు రాదని రాసుకున్నారు. అక్కడితో ఆగకుండా వెల్ష్ వాళ్లు సోమరులని, ఆడవాళ్లకు శీలం లేదని కూడా రాశారు. 1847లో నీలం అట్టలతో అచ్చేసిన ఆ నివేదికల్ని వేల్స్ ఇప్పటికీ నీలి పుస్తకాల ద్రోహం అనే పిలుచుకుంటుంది. బడుల గురించి వాళ్లు రాసిన కొన్ని విషయాలు నిజమే, బడులు దారుణంగానే ఉండేవి. కానీ ఒకే చదువు, ఒకే దేశం, ఒకే చర్చి నుంచి వచ్చిన ముగ్గురు కూర్చుని ఒక జాతి మొత్తం గురించి తీర్పు రాసేస్తే ఎంత గాయమవుతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. ఆడవాళ్ల మీద వేసిన ఆ నిందకు జవాబుగా 1850లోనే ఒక పత్రిక పుట్టింది. మా గురించి మేమే రాసుకుంటాం అన్న పట్టుదల అక్కడ అలా పెరిగింది.

ఇంకొకటి ఉంది, రాయడానికి చేతులు రావడం లేదు. 1966 అక్టోబర్ 21, అబెర్‌వాన్. బొగ్గు గని నుంచి తీసిన మట్టీ రాళ్లూ ఊరి పైన కొండ మీద గుట్టలుగా పోశారు, వాన నీళ్లకు ఒక గుట్ట జారి కింద పాంట్‌గ్లాస్ బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. గుట్టను అలా పోయడం ప్రమాదమని 1963లోనే అక్కడి మునిసిపల్ ఇంజినీర్లు రాశారు, గనుల బోర్డు పెడచెవిన పెట్టింది. బడి దగ్గరికి నీళ్లు ఎలా వస్తున్నాయో చూస్తున్న తల్లులు కూడా 1965లో అర్జీ పెట్టుకున్నారు. పిల్లల్ని రోజూ ఆ దారిన బడికి దింపే అమ్మకు తెలిసినంత ఏ కమిటీకి తెలుస్తుంది? ఆ అమ్మ మాట ఆ ఏడాది ఏ పేజీలో పడింది? విచారణ తర్వాత తప్పు గనుల బోర్డుదేనని తేల్చారు, అప్పటికి ఆ ఊళ్లో ఒక తరమే లేదు.

అందుకే 'పాపుర్ బ్రో' అనే పత్రికలు నాకు అంత ముఖ్యంగా కనిపిస్తాయి. 1973లో కార్డిఫ్‌లో మొదటిది వచ్చింది, తర్వాత ఊళ్లకు ఊళ్లు తమ తమ పత్రికలు పెట్టుకున్నాయి, ఇప్పుడు యాభైకి పైనే ఉన్నాయి, అన్నీ వెల్ష్‌లోనే. జీతం తీసుకునే విలేకరి ఉండడు. రాసేది ఊళ్లోవాళ్లే, టీచరు, రైతు భార్య, రిటైరైన పోస్ట్‌మాస్టరు. నెలకోసారి అచ్చయిన కాగితాలు తెచ్చుకుని ఒక హాల్లో బల్లల చుట్టూ కూర్చుని, టీ తాగుతూ మడతలు పెట్టి, కట్టలు కట్టి పంచుకుంటారు. రాసినవాళ్లూ మడతపెట్టినవాళ్లూ చదివేవాళ్లూ దాదాపు వాళ్లే. అలాంటి చోట ఎవరైనా గాలికి రాయలేరు, మర్నాడు కొట్టు దగ్గర ఎదురుపడి నిలదీస్తారు.

అయితే ఇదంతా గొప్ప ఆదర్శం వల్లే జరుగుతోందని నేను అనుకోవడం లేదు. అసలు కారణం డబ్బు లేకపోవడం. అంత చిన్న దేశంలో, అంత తక్కువ పాఠకులతో పత్రిక పెట్టినవాడు పదిమంది జర్నలిస్టులకు జీతాలిచ్చి నిలబెట్టుకోలేడు. కాబట్టి వేరే ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట రాసేవాళ్లే దిక్కు. గ్రాంటు వస్తే నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. 1970లో మొదలైన 'ప్లానెట్' లాంటి పత్రిక కూడా ఈ మధ్యే గ్రాంటు పోయి ప్రచురణ ఆపుకుంది. ఊరికే రాసిపెట్టమంటే రాసేది ఎవరు? పెన్షన్ వచ్చేవాళ్లు, యూనివర్సిటీ జీతం ఉన్నవాళ్లు. రకరకాల వాళ్లు రాస్తున్నారు అంటున్నాను కదా, ఆ రకాల్లోనూ ఖాళీలున్నాయి. మా తమ్ముణ్ణి నువ్వూ రాయరా, వార్డు సంగతులు నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు అన్నాను. "పన్నెండు గంటల షిఫ్ట్ దిగొచ్చాక చెయ్యి కదలదక్కా, నేను చెప్తా, నువ్వు రాయి" అన్నాడు. దక్షిణ వేల్స్ లోయల్లో గని ఊళ్లకు దశాబ్దాల పాటు డాక్టర్లుగా పనిచేసింది ఎక్కువగా భారత ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లే, బ్రిటిష్ డాక్టర్లు రామన్న చోటికి వీళ్లు వెళ్లారు. గని దుమ్ముతో ఊపిరి అందని మనుషుల్ని తరాల తరబడి చూసిన ఆ డాక్టర్లు వేల్స్ గురించి రాయాల్సినంత రాయలేదు, రాయమని అడిగినవాళ్లూ తక్కువే. 2024లో జాంబియాలో పుట్టిన వాన్ గెతింగ్ కొన్ని నెలలు వేల్స్ ముఖ్యమంత్రి అయ్యాడు, ఐరోపాలో ఒక ప్రభుత్వానికి నాయకుడైన మొదటి నల్లజాతి మనిషి. బయటి నుంచి వచ్చినవాళ్లు పదవి దాకా వచ్చినంత వేగంగా పేజీల్లోకి రాలేకపోతున్నారు, అక్కడా.

మన దగ్గరికి వస్తాను. 1901లో మొదలై ఇప్పుడు సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయంలో పాత పత్రికలు చూస్తున్నప్పుడల్లా నాకు సురవరం ప్రతాపరెడ్డి గుర్తొస్తారు. ఆయన లాయరు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, ఆయన కోపంతో వాదనకు దిగలేదు, ఊరూరికీ కబురు పెట్టి 354 మంది కవుల్ని పట్టుకొచ్చి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. లేరన్నవాళ్లకు అంతకన్నా జవాబేముంటుంది? ఎక్కడెక్కడి ఊళ్ల పేర్లో కనిపిస్తాయి అందులో. అలాంటి పని చేసిన ఊరు మనది.

అదే ఊళ్లో ఇవాళ ఎడిట్ పేజీ అడుగు లైన్లు ఒక నెల పాటు రాసి పెట్టుకుని చూడండి. రిటైరైన ప్రొఫెసర్లు, రిటైరైన అధికారులు, పార్టీ నాయకులు, లాయర్లు, సీనియర్ జర్నలిస్టులు. వాళ్లలో చాలామంది మంచి రచయితలు, వాళ్ల దగ్గర నేనూ నేర్చుకున్నాను, వాళ్లు రాయొద్దని అనడం లేదు. వాళ్లు మాత్రమే రాస్తున్నారన్నదే నా బాధ.

మనకు రకరకాల మనుషులు లేక కాదు. మండలాల్లో కంట్రిబ్యూటర్లుగా పనిచేసేవాళ్లను చూడండి, ఒకాయనకు ఎరువుల కొట్టు, ఒకాయన ఎల్ఐసీ ఏజెంటు, ఒకాయన ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్తాడు, ఒకాయనకు రెండెకరాల పత్తి. ఏ బావి ఎండిందో, ఏ ఆఫీసులో ఏ ఫైలు ఎందుకు ఆగిందో వాళ్లకు తెలిసినంత హైదరాబాద్ డెస్క్‌లో ఎవరికీ తెలియదు. నేను పనిచేసిన చోట వాళ్లకు వార్త పొడవును బట్టి లెక్కకట్టి ఇచ్చేవాళ్లు, అది పెట్రోలుకు కూడా చాలదు, పైగా పండగొస్తే యాడ్స్ టార్గెట్. వాళ్ల వార్త వేసేవాళ్లం, వాళ్ల అభిప్రాయం ఏనాడూ అడగలేదు. ఒక కంట్రిబ్యూటర్ పత్తి విత్తనాల మీద వ్యాసం పంపితే, బాగుంది కానీ ఈ విషయం మీద పేరున్నవాళ్లెవరైనా రాస్తే బాగుంటుందని పైనుంచి వెనక్కి పంపేశారు. రెండు వారాలకు అదే విషయం మీద ఒక పేరున్న వ్యాసం వచ్చింది, అందులో విత్తనం పేరు కూడా సరిగ్గా లేదు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో ఉంది. 2008 నుంచి దళిత మహిళా రైతులే నడుపుతున్నారు. మైకు ముందు కూర్చునేదీ వాళ్లే, రికార్డు చేసేదీ వాళ్లే, విత్తనాల గురించి, వంటల గురించి, పండగల గురించి వాళ్ల యాసలోనే మాట్లాడతారు. చిరుధాన్యాల గురించి సిటీలో కెఫేలు బోర్డులు పెట్టకముందే వాళ్లు అక్కడ చర్చలు చేశారు. హైదరాబాద్ నుంచి రెండు మూడు గంటల దారి. ఆ గొంతులు మన ఎడిట్ పేజీ దాకా రావడానికి ఇంకెంత దూరం ఉందో నాకు అర్థం కాదు.

ఇక మూసీ. నది సుందరీకరణ కోసం ఖాళీ చేయించాలనుకున్న ఇళ్ల మీద ఎర్రటి గుర్తులు పెట్టిన 2024 నుంచి ఎన్ని వ్యాసాలు వచ్చాయో లెక్కలేదు, 1908 వరదలు, విశ్వేశ్వరయ్య, ఉస్మాన్ సాగర్, సబర్మతి, లండన్ థేమ్స్, అన్నీ వచ్చాయి. చాదర్‌ఘాట్ దగ్గర ఒక బస్తీలో బ్లౌజులు కుట్టే ఆమెతో మాట్లాడాను. 2020 అక్టోబర్ వరదల్లో కుట్టుమిషన్ మోటారు తడిసి పాడైందట, అప్పటి నుంచి మిషన్ కాళ్ల కింద నాలుగు నాలుగు ఇటుకలు పేర్చింది, స్టూలు ఎత్తు చాలక దాని మీద ఇంకో పీట. గోడ మీద నీటి మరక ఇంకా ఉంది, దానికి పైనే మేకు కొట్టి కస్టమర్ల బట్టల సంచులు తగిలించింది. వరదంటే భయం లేదా అన్నాను. "భయం లేకేం మేడమ్, వానొస్తే రాత్రంతా నిద్రుండదు. పోవాలనే ఉంది. కానీ వాళ్లిచ్చే ఇల్లు మూడో అంతస్తుల ఉంటే, ఒక్క బ్లౌజుకు కొలతలిచ్చేటందుకు మూడంతస్తులు ఎవరెక్కుతరు? ఇక్కడంటే పాలకొచ్చినోళ్లు, కూరగాయలకొచ్చినోళ్లు అట్లనే ఇచ్చిపోతరు. కింద ఒక్క గది దుకాణానికి ఇయ్యమని రాయుండ్రి" అంది.

ఇళ్లిస్తే చాలదు, కింది అంతస్తులో పనిచేసుకునే గదులు కావాలి. ఇంత తేలిక మాట. నేను చదివిన అన్ని మూసీ వ్యాసాల్లో ఇది ఒక్కచోటా కనిపించలేదు. ఎందుకంటే వాటిని రాసిన ఎవరికీ ఇంటి గుమ్మమే దుకాణం కాదు. ఆమెకు రాయడం రాదని కాదు, కస్టమర్ల పేర్లూ కొలతలూ బాకీలూ నోటుబుక్కు నిండా రాసి పెట్టుకుంది. వ్యాసం రాయమని ఆమెను ఎవరూ అడగలేదు, అంతే.

డెస్క్‌లో ఉన్న నా పాత మిత్రులకు, కొత్తగా చిన్న పత్రికలు పెడుతున్న పిల్లలకు నేను అడిగేది ఇదే. వారానికి ఒక్క వ్యాసం చోటు అట్టిపెట్టండి. ట్యాంకర్ నడిపేవాణ్ణి నీళ్ల గురించి, ఆశా వర్కర్‌ను బస్తీ దవాఖానా గురించి, రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌ను గేటెడ్ కమ్యూనిటీల గురించి అడగండి. వేల్స్‌లో లాగా ఊరికే రాసిపెట్టమని అడగొద్దు, ప్రొఫెసర్‌కు ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి, ఆ రోజు కూలి పోతుంది వాళ్లకు. రాయడానికి తీరిక లేకపోతే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపమనండి, డెస్క్‌లో కూర్చున్నవాళ్లు రాసి, యాస చెరపకుండా, ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించి, వాళ్లు సరే అన్నాకే వేయండి. పేరు వాళ్లదే ఉండాలి. అడుగున 'వ్యాసకర్త దర్జీ, చాదర్‌ఘాట్' అని ఉండాలి.